జావా బండిమీద ఉదకమండలానికి

మైసూరు అనగానే పొరుగూరివారికి రాజభవనం, చాముండి కొండ, దసరా ఉత్సవం జ్ఞాపకం వస్తాయి. చదువుకున్న తెలుగువారికైతే కట్టమంచి రామలింగారెడ్డిగారూ, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారూ పాఠాలు చెప్పిన మహారాజా కళాశాల కూడా జ్ఞాపకం రావచ్చు. ఇక్కడే పుట్టి పెరిగిన మావంటివారికి వీటితోపాటు ఇంకొకటి వున్నది. అది కంటికి కనబడకముందే చెవికి వినబడేది. జావా మోటారు సైకిలు చప్పుడు. ఆ చప్పుడు వీధి మొదట్లో వినబడితే ఇంట్లో ఆడవాళ్ళు ఎవరు వస్తున్నారో చెప్పి కాఫీకి నీళ్ళు పెట్టేవారు. ఒక్కొక్క బండిది ఒక్కొక్క గొంతు.

జావా అనే పేరుకూ ఆ పేరుగల ద్వీపానికీ సంబంధం లేదు. చెకోస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన 1929లో వాండరర్ అనే జర్మను కంపెనీనుంచి మోటారు సైకిలు తయారుచేసే హక్కు కొన్నాడు. ఇంగ్లీషు లిపిలో తన పేరులోని మొదటి రెండక్షరాలూ, ఆ కంపెనీ పేరులోని మొదటి రెండక్షరాలూ కలిపి ఈ పేరు పెట్టాడు. ఇరానీ కుటుంబంవారు 1960లో మైసూరు యాదవగిరిలో ఐడియల్ జావా కర్మాగారం స్థాపించారు. అప్పటి మైసూరు రాష్ట్ర గవర్నరు జయచామరాజ ఒడెయరుగారు దానికి ప్రారంభోత్సవం చేశారు. 1961నుంచి బండ్లు బయటికి వచ్చాయి. 1973 ప్రాంతంలో పేరు యెజ్డి అయింది. ఆ కుటుంబానికి మూలస్థానమైన ఇరాన్ దేశపు యజ్ద్ నగరమే ఆ పేరుకు ఆధారం. 1996లో కర్మాగారం మూతపడింది. 2018లో జావా పేరుతోనూ, 2022లో యెజ్డి పేరుతోనూ మళ్ళీ కొత్త బండ్లు వచ్చాయి గాని, వాటిని తయారుచేసేది వేరొక కంపెనీ. వాటికి కార్బురేటరు లేదు. పెట్రోలును విద్యుత్తు లెక్కకట్టి చిమ్ముతుంది. మీట నొక్కితే కదులుతాయి. నేను చెప్పబోయేది మీట నొక్కితే కదలని బండి సంగతి.

మా మేనమామగారు ఆ కర్మాగారంలో ఇంజన్లు కూర్చే విభాగంలో 1968నుంచి మూతపడేదాకా పనిచేశారు. 1970లో ఒక జావా కొనుక్కున్నారు. అయిదారు కుటుంబాల పెళ్ళిళ్ళకూ, పురుళ్ళకూ, ఆస్పత్రి పరుగులకూ ఆ బండే ఆధారం. ఏడేళ్ళ క్రిందట ఆయన మోకాళ్ళు చెడి ఉదకమండలంలో కూతురి ఇంటికి వెళ్ళిపోయారు. బండి మా పెరట్లో రేకుల కొట్టం క్రింద మిగిలింది. నెలకొకసారి దాన్ని పలికించేవాణ్ణి. తరువాత తరువాత అది పది కిక్కులకు, ఇరవై కిక్కులకు గాని పలకడం మానివేసింది. పాత ఇనుము కొనే ఆసామి రెండుసార్లు వచ్చి బేరం చెప్పిపోయాడు. పదిహేనేళ్ళు దాటిన బండికి ప్రతి అయిదేళ్ళకూ రిజిస్ట్రేషను పొడిగింపు చేయించాలి గదా. ఆ గడువు దగ్గరపడింది. కాగితాలన్నీ మామయ్య పేరనే వున్నాయి. నా పేరుకు మార్చుకోవాలంటే 29, 30 నెంబరు ఫారాలమీద ఆయన సంతకం కావాలి.

నేను ఫోను చేసి అడిగాను. ఆయన ఒక్క మాటే అన్నారు: "ఒరేయ్ అల్లుడూ, బండిని లారీమీద వేసుకుని రావద్దు. దాని కాళ్ళమీద అది కొండెక్కి వస్తే సంతకం చేస్తాను. రాలేకపోతే ఆ ఇనుప సామాను ఆసామినే పిలువు. కదలని బండిని పెరట్లో పెట్టి పూజ చేయడం నాకు ఇష్టం లేదు."

మైసూరునుంచి గూడలూరు మీదుగా ఉదకమండలం సుమారు 155 కిలోమీటర్లు. మైసూరు సముద్రమట్టానికి సుమారు 760 మీటర్ల ఎత్తున వుంటే, ఉదకమండలం సుమారు 2,240 మీటర్ల ఎత్తున వున్నది. నడుమ అడవి, ఆపైన కొండ. యాభై అయిదేళ్ళు దాటిన బండికి ఇది చిన్న ప్రయాణం కాదు.

మా ఊళ్ళో జావా పని తెలిసిన పాతకాపులు ఇప్పుడు కొద్దిమందే. వారిలో ఒక సాహెబుగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన బండిని చూడగానే కార్బురేటరుమీద చెయ్యి వేయలేదు. ముందు ప్లగ్గు ఊడదీసి, దాన్ని సిలిండరు తలకు ఆనించి, నన్ను కిక్కు కొట్టమన్నారు. నిప్పురవ్వ ఎర్రగా, నీరసంగా వచ్చింది. "చూశారా స్వామీ, అందరూ వచ్చీరాగానే కార్బురేటరు విప్పమంటారు. దీపం వెలగకపోతే నూనెను తిడితే ఏం లాభం? ముందు వత్తి చూడాలి" అన్నారు. పాయింట్లు గీసి శుభ్రంచేసి, ఫీలరు గేజితో సందు సరిచేసి, కండెన్సరు మార్చారు. అప్పుడు రవ్వ నీలంగా, టపటపమని వచ్చింది. పాత బండి పలకనప్పుడు మొదట చూడవలసింది రవ్వ, తరువాత సిలిండరులో బిగువు, ఆ తరువాతే పెట్రోలు. ఈ వరుస తప్పిస్తే పని రెట్టింపు అవుతుంది.

ఇక కార్బురేటరు సంగతి. యంత్రాలతో పరిచయం లేనివారికి ఒక్క మాటలో చెప్పాలంటే అది కట్టెల పొయ్యివంటిది. కట్టె ఎక్కువై గాలి తక్కువైతే పొగ. గాలి ఎక్కువై కట్టె తక్కువైతే మంట నిలవదు. బరువులో ఒక పాలు పెట్రోలుకు సుమారు పదిహేను పాళ్ళ గాలి కలిస్తే ఇంజను సుఖంగా నడుస్తుంది. ఆ పాళ్ళు కలిపే వంటమనిషే కార్బురేటరు. దాని అడుగున చిన్న గిన్నె. అందులో తేలే బుడ్డి, అంటే ఫ్లోటు, పెట్రోలు మట్టం నిలుపుతుంది. గాలి సన్నని గొంతులోంచి వేగంగా పోయేటప్పుడు గిన్నెలోని పెట్రోలును రంధ్రాలగుండా పైకి పీల్చుకుంటుంది. ఆ రంధ్రాలను జెట్లు అంటారు. బండి నిలబడి మెల్లగా కొట్టుకునేటప్పుడూ, యాక్సిలరేటరు పావు వంతు తిప్పేదాకానూ చిన్న జెట్టుదే పెత్తనం. పావునుంచి ముప్పావు దాకా సూదిది. ఆపైన పెద్ద జెట్టుది. కాబట్టి బండి ఎక్కడ ఇబ్బంది పెడుతున్నదో గమనిస్తే ఏ భాగం విప్పాలో తెలుస్తుంది. పలకడమే కష్టమైతే పెద్ద జెట్టు జోలికి పోవడం దండుగ. చిన్న జెట్టునే చూడాలి.

సాహెబుగారు గిన్నె విప్పితే అడుగున నీటి బొట్లు ముత్యాలలాగా కదులుతున్నాయి. తెల్లని పొడి పేరుకొని వుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. 2025 నాటికి ఆ పాలు దేశంలో నూటికి ఇరవై దాకా వచ్చింది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి కదలకుండా వుంటే ఆ నీరు అడుగుకు దిగి ఇత్తడినీ, జింకునూ తింటుంది. పాతకాలపు రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. పైగా ఇథనాలులో ప్రాణవాయువు కలిసే వుంటుంది గనుక, పాత కొలతలమీద వున్న జెట్టుకు మిశ్రమం కొంచెం పలచబడుతుంది. ఇందులో బండి దోషం లేదు. అది పుట్టిననాటి పెట్రోలు వేరు, నేటి పెట్రోలు వేరు.

చిన్న జెట్టు రంధ్రం మూసుకుపోయింది. నేను జేబులోంచి గుండుసూది తీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఇనుప తీగ పెడితే ఇత్తడి రంధ్రం పెద్దదవుతుందట. ఆపైన ఎంత సరిచేసినా పాళ్ళు కుదరవు. ఆయన చేపల గాలానికి కట్టే నైలాను దారం ముక్క దూర్చి తీసి, గాలి పంపుతో ఊదారు. ఫ్లోటును వేడినీళ్ళలో ముంచి చూశారు. బుడగలు వస్తే దానికి చిల్లి వున్నట్టు. బుడగలు రాలేదు. తరువాత ఇంజనుకు అతికే అంచును గాజుపలక మీద పెట్టి చూపించారు. ఏనాడో ఎవరో బోల్టులు గట్టిగా బిగించి ఆ అంచు విల్లులాగా వంగి వున్నది. ఆ సందులోంచి దొంగగాలి పోతున్నది. గాజుపలకమీద ఎమెరీ కాగితం పరచి, అంచు చదును అయ్యేదాకా ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది, కొత్త గాస్కెట్టు వేసి బిగించారు.

తరువాత గాలి మరను మెత్తగా తగిలేదాకా లోపలికి తిప్పి, అక్కడినుంచి ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పారు. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. బండిని పలికించి, మైలు దూరం తిప్పి, ఇంజను వేడెక్కిన తరువాత అసలు పని. గాలి మరను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, ఎక్కడ ఇంజను చురుకుగా కొట్టుకుంటుందో అక్కడ నిలిపి, అప్పుడు వేగం మరను తగ్గించి మెల్లగా కొట్టుకునేటట్లు చేయాలి. చల్లటి ఇంజనుమీద చేసిన కొలత నిలవదు. ఆ సాయంత్రం బండి రెండో కిక్కుకు పలికింది.

జనవరి చివరి వారంలో నేనూ మా అబ్బాయీ తెల్లవారుజామున బయలుదేరాము. 2024 మే నుంచి నీలగిరికి వెళ్ళే బండ్లకు ఈ-పాసు పద్ధతి వచ్చింది. మద్రాసు హైకోర్టు ఉత్తరువు అది. రాత్రే తీసి పెట్టుకున్నాము. టాంకులో లీటరుకు 40 మిల్లీలీటర్ల చొప్పున నూనె కలిపాను. ఈ జాతి బండికి విడిగా నూనె గది లేదు. పెట్రోలుతోపాటు వచ్చే నూనెయే పిస్టనుకు రక్ష. ఈ ఒక్క విషయం మనసులో వుంచుకోండి. కొండ దిగేటప్పుడు దీనితో పని పడుతుంది. సామానుతోపాటు రెండు ప్లగ్గులు, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవరు, గుడ్డపేలికలు.

నంజనగూడు చేరేసరికి కపిలానదిమీద మంచు ఇంకా విడలేదు. శ్రీకంఠేశ్వరుని గోపురానికి దూరంనుంచే నమస్కరించి, దారిపక్కన కాఫీ తాగాము. అక్కడ ఒక రైతు బండి చుట్టూ తిరిగి, "మా అన్న పెళ్ళి మెరవణిగెకు ఇట్లాంటిదే వచ్చింది" అని పెట్రోలు టాంకుమీద చెయ్యివేసి చూసి పోయాడు. గుండ్లుపేట దాకా దారి చదును. బండి గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో హాయిగా పోయింది. అక్కడ ఆపి ప్లగ్గు తీసి చూశాను. గోధుమవన్నెలో, వేయించిన కాఫీ గింజ పొట్టు రంగులో వున్నది. ఇదే మంచి గుర్తు. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ. తెల్లగా సున్నంలాగా వుంటే గాలి ఎక్కువ. ఈ తెల్లరంగు ప్రమాదం. పెట్రోలు తక్కువైందంటే దానితో వచ్చే నూనె కూడా తక్కువైందన్నమాట. పిస్టను పట్టుకుపోతుంది.

బండీపురం అడవిలో రాత్రి తొమ్మిదినుంచి ఉదయం ఆరు దాకా రాకపోకలు 2009నుంచి నిషేధం. పగటిపూట కూడా అడవిలో బండి ఆపరాదు. చదువుకున్న నిబంధన వేరు, పాత బండిమీద కూర్చుని ఆ నిబంధన పాటించడం వేరు. రెండు పక్కలా ఎండిన వెదురు పొదలు, ఎర్రమట్టి, అక్కడక్కడ జింకల గుంపులు. ఒక మలుపులో రోడ్డుకు యాభై అడుగుల దూరంలో పిల్లతో సహా రెండు ఏనుగులు నిలబడివున్నాయి. మా ముందున్న కారు మెల్లగా పోతున్నది. మావాడు నా భుజం పట్టుకుని, "నాన్నా, ఇప్పుడు ఆగిపోతే?" అన్నాడు. నేను సమాధానం చెప్పలేదు. రెండో గేరులో, యాక్సిలరేటరు తగ్గకుండా పెరగకుండా పట్టుకుని, చెవి ఇంజనుమీద పెట్టాను. ఆ పదిహేను క్షణాలు చిన్న జెట్టు పనితనమే మమ్మల్ని కాచింది. గాజుపలకమీద సాహెబుగారు రుద్దిన రుద్దుడు ఎంత విలువైనదో అప్పుడు తెలిసింది.

కెక్కనహళ్ళ దాటితే తమిళనాడు. తెప్పకాడులో ఏనుగుల శిబిరం వున్నది. ఇక్కడి మావటి దంపతులమీద తీసిన చిన్న చిత్రానికి 2023లో ఆస్కారు బహుమతి వచ్చింది. తెప్పకాడులో దారి చీలుతుంది. ఎడమకు మసినగుడి మీదుగా ముప్ఫయ్యారు కొండమలుపుల నిటారు దారి. కుడికి గూడలూరు దారి. వయసు మళ్ళిన బండికి రెండోదే మేలు.

గూడలూరు దాటగానే కొండ మొదలు. తేయాకు తోటలు, సిల్వరు ఓక్ చెట్లు, లోయలోంచి పైకి వచ్చే మంచు. దారి ఎంత అందంగా వుంటే బండికి అంత ఆయాసం. నడువట్టం దగ్గరకు వచ్చేసరికి దాని గొంతు మారింది. మైసూరులో టంగుటంగుమనే చప్పుడు ఇక్కడ బొంగురుపోయింది. రెండు సైలెన్సర్లనుంచి పొగ చిక్కబడింది. యాక్సిలరేటరు తిప్పితే ఒక క్షణం ఆలోచించి గాని లేవడం లేదు. నడువట్టం పూర్వం సింకోనా తోటలకు పేరుపడ్డది. చలిజ్వరానికి మందైన క్వినైను ఆ చెట్టు బెరడునుంచే తీసేవారు. మేము అక్కడ అరగంట ఆగి బండికి విశ్రాంతి ఇచ్చి, తరువాత పైకారా జలవిద్యుత్కేంద్రంవల్ల 1932నుంచీ పేరు తెచ్చుకున్న పైకారా మీదుగా, సాయంత్రానికి ఉదకమండలం చేరాము.

మామయ్య వీధి అరుగుమీద శాలువ కప్పుకుని కూర్చుని వున్నారు. మేము మలుపు తిరగకముందే ఆయన లేచి నిలబడ్డారని మా వదిన చెప్పింది. బండి ఆపబోతే, "ఆపవద్దు, కాసేపు కొట్టుకోనీ" అన్నారు. కర్ర ఆనించుకుని వెనక్కి వచ్చి, సైలెన్సరు మూతికి జానెడు దూరంలో అరచెయ్యి పట్టుకున్నారు. చెయ్యి వాసన చూశారు. "తడిగా వున్నది. బండి బాగానే వున్నదిరా. మీ మైసూరు పెట్రోలు లెక్క ఈ ఊరి గాలికి సరిపోవడం లేదు. రేపు పొద్దున చూడు, పలకదు" అన్నారు.

ఆయన అన్నట్టే జరిగింది. మర్నాడు గడ్డిమీద మంచు ఉప్పు చల్లినట్టు వున్నది. కిక్కు కొడితే ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. మూడుసార్లూ అంతే. చలికాలం, ఇంజను చల్లబడింది, పెట్రోలు ఇంకా ఎక్కువ ఇవ్వాలి అని ఎవరైనా అనుకుంటారు. మావాడూ అదే అన్నాడు. కార్బురేటరుమీద వుండే చిన్న బొత్తాం నొక్కితే ఫ్లోటు మునిగి గిన్నె పొంగుతుంది. మైసూరులో చలి పొద్దుల్లో అది పొంగి వేలికి తడి తగిలేదాకా నొక్కడం అలవాటు. మామయ్య కూర్చున్నచోటినుంచే కర్రతో ఆపి, మావాడికి పాఠం చెప్పారు:

"చలి ఒకవైపు లాగుతుంది, ఎత్తు ఇంకొకవైపు లాగుతుంది. చలికి పెట్రోలు ఎక్కువ కావాలి, నిజమే. కాని ఇంత ఎత్తున గాలి పలచన. బండి పీల్చేది అదే కడివెడు గాలి, అందులో సరుకు తక్కువ. పెట్రోలు మాత్రం ఇంచుమించు ఎప్పటిలాగే వస్తుంది. ఇక మంట ఎట్లా అంటుకుంటుంది?"

ఆ మాటకు లెక్క వున్నది. సముద్రతీరంలో వుండే వాయుపీడనంలో మైసూరులో సుమారు నూటికి 91 పాళ్ళు, ఉదకమండలంలో సుమారు 76 పాళ్ళు వుంటుంది. అన్నం వండేవారికి ఇది తెలిసిన సంగతే. అక్కడ మూతలేని గిన్నెలో పప్పు త్వరగా ఉడకదు. పప్పుకూ పిస్టనుకూ గాలి ఒకటే.

మామయ్య చెప్పగా మావాడు చేశాడు. నేను పక్కన నిలబడి పానాలు అందించాను. ముందు పెట్రోలు కుళాయి కట్టేసి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి, ప్లగ్గు తీసి, లోపల చేరిన తడి పోయేటట్లు ఏడెనిమిది కిక్కులు. ప్లగ్గు తుడిచి ఎండబెట్టడం. తరువాత కార్బురేటరు మూత విప్పి, సూదిని పట్టుకునే క్లిప్పును ఒక గాడి పైకి మార్చడం. క్లిప్పు పైకి జరిగితే సూది కిందికి దిగుతుంది, పెట్రోలు తగ్గుతుంది. గాలి మరను అర చుట్టు వెనక్కి. ఇక బొత్తాం ఎంతసేపు నొక్కాలని మావాడు అడిగితే, "పలకరించినట్టు నొక్కు, పీడించినట్టు కాదు" అన్నారు.

జావాకు గేరు వేసే లివరే కిక్కు లివరు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు అవుతుంది. మావాడు అట్లా తిప్పి, కాలు ఆనించి ఒక్కటి కొట్టాడు. రెండోదానికి బండి పలికింది. బొంగురు పోయింది. మామయ్య మళ్ళీ అరచెయ్యి సైలెన్సరు దగ్గర పెట్టి, చాలాసేపు అట్లాగే వుంచారు. వేడికి పెట్టుకున్నారో, పరీక్షకు పెట్టుకున్నారో మేము అడగలేదు. వీధిలో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు కిటికీలు తెరిచి చూశారు. మా వదిన లోపలినుంచి కాఫీ తెస్తూ, "చిన్నప్పుడు ఈ చప్పుడు వినబడితేనే పుస్తకం తీసేదాన్ని" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మధ్యాహ్నం భోజనాలయిన తరువాత మామయ్య ఫారాలు తెమ్మన్నారు. కళ్ళజోడు పెట్టుకుని ప్రతి పంక్తీ చదివారు. కొనుగోలుదారు పేరు వ్రాసేచోట నా పేరు వ్రాయబోతుంటే ఆపి, "వాడికి పద్దెనిమిది నిండినై గదా?" అని మావాణ్ణి చూపించారు. నిండి సంవత్సరం దాటింది. "సూది మార్చింది వాడు. వాడి పేరే వ్రాయి" అని సంతకం చేశారు. చెయ్యి కొంచెం వణికింది గాని సంతకం పాత సంతకమే.

బయలుదేరేముందు ఆయన చెప్పిన రెండు మాటలు పాత బండ్లున్న వారందరికీ పనికివస్తాయి కనుక వ్రాస్తున్నాను. మొదటిది: కొండమీద పలచన చేసిన కొలతను కొండ దిగిన తరువాత వెనక్కి మార్చాలి. కింద గాలి చిక్కన. అక్కడ అదే సూది అదే గాడిలో వుంటే పెట్రోలు చాలదు, నూనె చాలదు, ఇంజను కాలిపోతుంది. మేము గూడలూరులో ఆగి, ఇంజను చల్లారనిచ్చి, క్లిప్పును పాత గాడికీ, గాలి మరను పాత చోటికీ మార్చాము. ఎన్ని చుట్లు తిప్పామో చీటీమీద వ్రాసుకుని వుండడం చేత అది పది నిమిషాల పని అయింది.

రెండవది: దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా గేరులో వుంచి దిగుతాము. ఇతర బండ్లకు అది మంచిదే. నూనె పెట్రోలులో కలిసిన బండికి మాత్రం ఒక జాగ్రత్త కావాలి. యాక్సిలరేటరు మూసి మైళ్ళకొద్దీ దిగితే చక్రాలు ఇంజనును వేగంగా తిప్పుతూనే వుంటాయి, నూనె మాత్రం అందదు. కాబట్టి ప్రతి ఒకటి రెండు మలుపులకూ క్లచ్చి నొక్కి, యాక్సిలరేటరు ఒకసారి తిప్పి, గుక్కెడు నూనె తాగనివ్వాలి. మావాడు వెనుక కూర్చుని మలుపులు లెక్కపెడుతూ, "నాన్నా, తాగించు" అని జ్ఞాపకం చేస్తూ వచ్చాడు.

మన సంఘంలో పెద్దలు వాడిన బండ్లు పెరళ్ళలో వున్న ఇళ్ళు ఇంకా కొన్ని వుండవచ్చు. వాటిని పలికించాలనుకునే వారికి ఇది క్రమం. నిలవవున్న పెట్రోలు పూర్తిగా పారబోయండి. రవ్వ చూడండి. గిన్నె విప్పి నీరు తుడవండి. జెట్లలో తీగ పెట్టకండి. దొంగగాలి పోయే సందు వుందేమో చూడండి. ఇంజను వేడెక్కిన తరువాతే మర తిప్పండి, తిప్పినదంతా వ్రాసుకోండి. ఇవన్నీ చేసినా పలకకపోతే క్రాంకు ఇరుపక్కలా వుండే ఆయిలు సీళ్ళు పోయివుంటాయి. అది కార్బురేటరు బయట పని, ఇంజను విప్పాలి. నెలల తరబడి నిలిపివుంచేటప్పుడు కుళాయి కట్టి, గిన్నెలోని పెట్రోలు అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపండి. అన్నిటికన్న ముఖ్యం, ఆ పని తెలిసిన పెద్దవాళ్ళు ఉన్నప్పుడే ఇంట్లోని పిల్లవాడి చేతికి పానా ఇవ్వండి. చెవితో విని, అరచేతితో చూసి చెప్పే విద్య ఏ పుస్తకంలోనూ దొరకదు.